చలవ అరలో తేనె సీసా

1979 మార్చి 13. మంగళవారం. సాయంత్రం 4 గంటల 20 నిమిషాలు.

సాన్ గెలాసియో ఊరి ప్రెసిడెంట్ గౌదెన్సియో సిగరెట్ల కోసం ఫిలెమోనా కొట్టు తలుపు తోశాడు. పొద్దున్నించీ రోడ్డు పని. గొంతు ఎండిపోయి ఉంది. రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. కౌంటర్ మీద నుంచి తొంగిచూశాడు.

అరవై నాలుగేళ్ళ ఫిలెమోనా నేలమీద బోర్లా పడి ఉంది. తల వెనక రక్తం గడ్డకట్టింది. పక్కన స్టూలు ఒరిగి ఉంది. చేతిలో దుమ్ము దులిపే గుడ్డ.

ప్రెసిడెంట్ సిగరెట్లు తీసుకోకుండానే బయటికి పరిగెత్తాడు. ఆ సంగతి తర్వాత పదిమందికి చెప్పుకున్నాడు, అదేదో పెద్ద త్యాగమైనట్టు.

మర్నాడు ఉదయం 7:50కి వాహాకా పట్నం నుంచి జీపు వచ్చింది. అందులోంచి దర్యాప్తు ఏజెంట్ ఆబ్దోన్ కిరోస్ దిగాడు. వయసు నలభై ఎనిమిది. అన్న పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచీ అతనికి ఏదీ అంటడం లేదు. ఏడుపు వస్తుందేమోనని మొదట్లో ఎదురుచూశాడు. రాలేదు. తిండి రుచి తెలియదు. శవాన్ని చూసినా, పెళ్ళి చూసినా ఒకటే. ఉద్యోగానికి మాత్రం ఇదేమీ అడ్డం కాలేదు. పై అధికారులు అతని పనితనం మెరుగుపడిందని రాశారు.

శవాన్ని చూసిన డాక్టర్ రిపోర్టు అప్పటికే సిద్ధంగా ఉంది. స్టూలు ఎత్తు రెండడుగులు. అంత ఎత్తునుంచి పడితే ఆ దెబ్బ తగలదు. గాయం గుండ్రంగా, లోతుగా ఉంది. చావు సమయం మధ్యాహ్నం రెండున్నరకీ మూడున్నరకీ మధ్య.

ఆబ్దోన్ కొట్టంతా ఒకసారి తిరిగాడు. కౌంటర్ చివర మొక్కజొన్న నూరుకునే రాయి ఉంది. దానిమీద పొత్రం. రాయి మీద పిండి ఎండిపోయి ఉంది. పొత్రం మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది. దానికి పిండి ఆనవాలు కూడా లేదు.

“పడి పగిలిన తల కాదిది,” అన్నాడు. “కొట్టి పగలగొట్టిన తల.”

“అదే నేనూ చెప్తున్నా ఏజెంట్ గారూ!” ప్రెసిడెంట్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “కోడలే. ఒతీలియా. సోమవారం అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటే వీధి వీధంతా విన్నది. నలభై రోజులు కాకుండానే పుట్టింటికి పోతానంటుంది ఆ పిల్ల. గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానంటుంది ఈవిడ. పదకొండు గంటలకి మీ జీపులో ఎక్కించుకుపోండి. మా ఊరికి శని వదిలిపోతుంది.”

“బిడ్డ?”

“పందొమ్మిది రోజుల బిడ్డ. తల్లితో పాటే జైల్లో ఉంటుంది. లేదంటే ఉండదు. దానికి నేనేం చేసేది?”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం ఈ ప్రెసిడెంట్. ఆబ్దోన్ చేతి గడియారం చూసుకున్నాడు. 8:15.

“నిన్న మధ్యాహ్నం ఊళ్ళో ఎవరెవరున్నారు?”

“ఎవరుంటారండీ? ఊరుమ్మడి రోడ్డు పని. ఇంటికొకరు కాదు, ఒళ్ళొంగే వాళ్ళంతా రావాలి. ముసలాళ్ళూ పిల్లలూ నీళ్ళు మోస్తూ అక్కడే ఉన్నారు. హాజరు నేనే పిలిచాను. మధ్యలో ఎవరూ దిగలేదు.”

“ఎవరికి మినహాయింపు?”

ప్రెసిడెంట్ వేళ్ళు మడిచాడు. “బాలింత ఒతీలియా. మంత్రసాని కసిల్దా, ఎప్పుడు ఎవరికి నొప్పులొస్తాయో తెలియదు కాబట్టి. బడిపంతులు ఉబాల్దో, వాడు ప్రభుత్వం మనిషి కాబట్టి. చచ్చిపోయిన ఫిలెమోనా.”

ముగ్గురు బతికున్నారు. అనుమానితుల పట్టీ ఇంత తేలిగ్గా ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఆబ్దోన్‌కి సంతోషం కలగాలి. కలగలేదు.

దారి దుమ్ముకి గొంతు పట్టేసి దగ్గొచ్చింది. ప్రెసిడెంట్ మర్యాదస్తుడు. “ఉండండి, తేనె నాకుదురుగాని,” అంటూ చెక్క స్టాండు దగ్గరికి వెళ్ళాడు.

కొట్టుకి ఆ స్టాండొక్కటే ఆధారం. మనిషెత్తు. మధ్యలో నిలువుగా ఒక పలక. పలకకి కుడివైపు వేడి చేసే సరుకు, ఎడమవైపు చలవ చేసే సరుకు. బాలింతకి కావలసినవీ జ్వరం మనిషికి కావలసినవీ ఒకదానికొకటి తగలకుండా ఈ ఊరి కొట్లన్నిట్లో అలాగే సర్దుతారు.

ప్రెసిడెంట్ కుడివైపు వెతికాడు. పై అర. కింది అర. బెల్లం అచ్చుల వెనక.

“సరుకు అయిపోయినట్టుంది,” అన్నాడు.

జీపు డ్రైవర్ ఎవెలియో గుమ్మంలో నుంచి చెయ్యి చాపి, ఎడమవైపు రెండో అరలోంచి సీసా తీశాడు. “ఇదుగో. కళ్ళెదురుగానే ఉంది కదా!”

“చలవ వైపు పెట్టిందేమిటి ముసల్ది?”

“తేనె చలవే కదండీ.”

“ఏ ఊరు నీది?”

“పెరాల్. ఈ కొండ దాటితే మాదే.”

“అందుకే! మీ పెరాల్ వాళ్ళకి అన్నీ తిరగమరగే. పెళ్ళిలో ఏడుస్తారు, చావులో తాగుతారు.”

“చావులో మీరూ తాగుతారుగా!”

“తాగుతాం. కానీ తేనె వేడని తెలిసి తాగుతాం.”

ఆబ్దోన్ తేనె నాకాడు. తియ్యగా ఉందో లేదో అతనికి తెలియలేదు. కానీ నోట్‌బుక్ తీశాడు. స్టాండు మీద ఉన్న నలభై ఒక్క వస్తువుల్నీ ఏది ఎక్కడుందో వరసగా రాసుకున్నాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత మోకాళ్ళ మీద వంగి స్టాండు అడుగున నేల చూశాడు. మట్టినేల మీద కాళ్ళ పాతగుంటలు రెండున్నాయి. స్టాండు కాళ్ళు ఆ గుంటల్లో లేవు. వేలెడు పక్కకి జరిగి ఉన్నాయి.

8:50. మొదట ఒతీలియా.

ఇరవై ఏళ్ళుంటాయి. బిడ్డని గుడ్డలో చుట్టి గుండెకి అదుముకుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

“మీ అత్తగారిని ఎప్పుడు ఆఖరిసారి చూశారు?”

“రెండింటికి సారూ. కొట్టు మూసింది. నేను ఆవిరి స్నానానికి పోతున్నానని చెప్పా.”

“ఎక్కడ?”

“పెరటి చివర ఆవిరి గది. పెద్దమ్మ కసిల్దా వచ్చి రాళ్ళు కాల్చి, నన్నూ బిడ్డనీ లోపల పెట్టి తలుపేసింది. రెండుంబావు అయ్యుంటుంది.”

“బయటికి?”

“మూడున్నరకి. అప్పుడు గాలి తగలకూడదని దుప్పటి కప్పుకుని గదిలోకి పోయి పడుకున్నా. కొట్లోకి పోలేదు.”

“ఏమైనా వినిపించిందా?”

“లోపల ఏం వినబడదు. మూరెడు మందం గోడలు.” ఆ పిల్ల ఒక్కసారిగా ముందుకి వంగింది. “సారూ, నన్ను తీసుకుపోతారా? ఆ జైలు గచ్చునేలంట కదా. బిడ్డ బతకడు సారూ. మా ఆయన కోస్తాకి కాఫీ మూటలేసుకుపోయాడు. శనివారానికి గానీ రాడు. అప్పటిదాకా ఆగలేరా?”

“మీరు ఆవిరి గదిలో ఉన్నారని చెప్పేవాళ్ళెవరు?”

“పెద్దమ్మ చెప్తుంది. ఆమె చేతుల మీదే పుట్టాడు వీడు.”

9:20. మంత్రసాని కసిల్దా. యాభై మూడేళ్ళు. బలమైన భుజాలు, శుభ్రమైన గోళ్ళు. కూర్చోమంటే బియ్యం బస్తా మీద కూర్చుంది.

“ఒతీలియాని లోపల పెట్టి తలుపేశాను, నాయనా. తర్వాత మా ఇంటికి పోయాను.”

“మళ్ళీ ఎప్పుడొచ్చారు?”

“రాలేదు. మొదటి నాలుగు స్నానాలకే చివరిదాకా నేనుండాలి. తర్వాత రాళ్ళు కాల్చి పెడితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.”

“ఆ గంటంతా ఆమె లోపలే ఉందా?”

కసిల్దా చేతులు చూసుకుంది. “తలుపుకి బయట గడియ లేదు. ఉందో లేదో నేనెలా చెప్పను? దేవుడికి తెలియాలి.”

9:40. బడిపంతులు ఉబాల్దో. నగరం మనిషి. ఈ ఊరొచ్చి ఏడు నెలలు. కొట్టుకీ బడికీ గోడ ఒకటే.

“పెద్ద చప్పుడు వినబడింది. 2:40కి. పిల్లల పలకలు దిద్దుతున్నాను. రోడ్డు కోసం కొండ పేలుస్తున్నారని మొదట అనుకున్నా.”

“చప్పుడు ఎలాంటిది?”

“చాలా వస్తువులు ఒకేసారి పడ్డట్టు. తర్వాత చాలాసేపు ఏవో సర్దుతున్న చప్పుడు.”

“వెళ్ళి చూడలేదే?”

“ఫిలెమోనా గారితో నాకు పడదు సార్. పెన్సిళ్ళు ఎడమవైపు ఎందుకున్నాయని అడిగినందుకు మొద్దు వెధవా అంది. సీసం చలవట! తినే వస్తువు కాదు కదా అంటే, నువ్వు తినకు అంది.”

“సోమవారం ఆమె మీ దగ్గరికి వచ్చిందట?”

“వచ్చింది. ఊరి సభకి నేనే రాతగాణ్ణి. ఆదివారం సభలో మాట్లాడాలి, రాసుకో అంది. మంత్రసాని గురించి, అంది. అంతకు మించి చెప్పలేదు.”

10:10. ఆబ్దోన్ ముగ్గుర్నీ కొట్లోకి పిలిచాడు. ప్రెసిడెంట్ కూడా ఉన్నాడు. గుమ్మంలో ఎవెలియో. ఏజెంటూ డ్రైవరూ కలిసి అప్పటికే నలభై ఒక్క వస్తువుల్నీ కిందికి దించి నేలమీద గుట్టగా పోశారు. స్టాండు బోసిగా నిలబడి ఉంది.

“ఒక్కొక్కరూ ఇవన్నీ సర్దాలి,” అన్నాడు ఆబ్దోన్.

ప్రెసిడెంట్ నోరు తెరిచాడు. “హత్య కేసా, ఇల్లు మారుతున్నామా?”

“పది నిమిషాలు ఓపిక పట్టండి. పంతులు గారూ, ముందు మీరు.”

పంతులు చకచకా సర్దాడు. డబ్బాలన్నీ ఒకచోట. ధాన్యాలన్నీ ఒకచోట. మేకులు, తాడు, అగ్గిపెట్టెలు పనిముట్ల అర. పొడుగువి వెనక, పొట్టివి ముందు. సారా సీసా పక్కన సబ్బు నీళ్ళ సీసా పెట్టాడు. ఒతీలియా చూడలేక కళ్ళు మూసుకుంది.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి,” అని గొణిగాడు ప్రెసిడెంట్.

మళ్ళీ అన్నీ దించారు. ఒతీలియా బిడ్డని ఎవెలియో చేతికిచ్చింది. బెల్లం, కాఫీ, దాల్చినచెక్క, ఎండుమిరప, చాక్లెట్, కొవ్వొత్తులు, తేనె కుడివైపు పెట్టింది. తర్వాత ఆగిపోయింది.

“మిగతావి?”

“అవి చలవ సరుకు సారూ. నేను బాలింతని. ముట్టుకోకూడదు. చూపిస్తాను, ఎవరైనా పెట్టండి.”

ఆమె వేలితో చూపిస్తుంటే ఆబ్దోన్ పెట్టాడు. బియ్యం, చిక్కుడు గింజలు, సబ్బు, మేకులు, పంది కొవ్వు డబ్బా, ఎండు రొయ్యలు. ప్రెసిడెంట్ ప్రతిదానికీ తలాడించాడు. ఒక్కచోట కూడా అభ్యంతరం చెప్పలేదు.

మూడోసారి దించారు.

“ఇదేం పిల్లాట నాయనా!” అంది కసిల్దా. అయినా లేచింది. ఆమె చేతులు తొందరపడలేదు, తడబడలేదు. బెల్లం కుడి. బియ్యం ఎడమ. సబ్బు ఎడమ. చాక్లెట్ కుడి. పంది కొవ్వు కుడి. ఎండు రొయ్యలు కుడి. తేనె సీసాని కొంగుతో తుడిచి ఎడమవైపు రెండో అరలో పెట్టింది. చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది.

ప్రెసిడెంటూ ఒతీలియా ఆ సీసా వైపే చూశారు.

“అన్నీ సరిగ్గానే పెట్టింది కదా,” అన్నాడు గుమ్మంలోంచి ఎవెలియో. “అందరూ అలా చూస్తారేమిటి?”

ఆబ్దోన్ నోట్‌బుక్ తెరిచాడు. గొంతులో ఎత్తూ పల్లమూ లేకుండా చదివినట్టే చెప్పాడు.

“నిన్న 2:40కి ఈ స్టాండు బోర్లాపడింది. చప్పుడు పంతులు గారు విన్నారు. ఫిలెమోనా గారు దెబ్బ తగిలి పడుతూ దీన్ని పట్టుకుని లాగి ఉంటారు. కొట్టిన మనిషికి ఇది స్టూలు మీదనుంచి పడ్డ చావులా కనబడాలి. అందుకే స్టాండు లేపారు. గుంటల్లో కాళ్ళు కూర్చోలేదు. పొత్రం కడిగారు. సరుకంతా మళ్ళీ సర్దారు. పొద్దున నేను రాసుకున్నది ఆ సర్దుడే.”

“అయితే?” అన్నాడు ప్రెసిడెంట్.

“అందులో మూడు తప్పులున్నాయి. తేనె, పంది కొవ్వు, ఎండు రొయ్యలు. తేనె మీరే చూశారు.”

“అయితే పంతులే! ఈ పరాయివాడికేం తెలుసు?”

“తెలియని మనిషి నలభై ఒకటిలో ఇరవై తప్పులు చేస్తాడు. ఇప్పుడే చేసి చూపించారు. మూడే తప్పులు చేసింది తెలిసిన మనిషి. వేడీ చలవా పుట్టుకతో తెలిసిన మనిషి. కానీ వేరే ఊళ్ళో నేర్చుకున్న మనిషి. పొద్దున మా ఎవెలియోకి తేనె సీసా వెతకాల్సిన పనే లేకపోయింది. మిగతా సరుకంతా చూపించి అడిగాను. అతనికి ఒక్క తప్పూ కనబడలేదు.”

“ఒతీలియా కావాలనే మూడు తప్పుగా పెట్టి ఉంటే?”

“అలా పెట్టిన మనిషి ఆ తప్పుల్ని ఎవరికో ఒకరికి చూపిస్తుంది. ఈ అమ్మాయి నిన్నటినుంచి ఈ స్టాండు పేరే ఎత్తలేదు.” ఆబ్దోన్ నోట్‌బుక్ మూశాడు. “ఈ ఊళ్ళో పెరాల్ మనుషులెవరున్నారు ప్రెసిడెంట్ గారూ?”

“ఎవరూ లేరు...” అని మొదలుపెట్టి ప్రెసిడెంట్ ఆగిపోయాడు. నెమ్మదిగా మంత్రసాని వైపు తిరిగాడు. “కసిల్దా. నువ్వు కొండ అవతలి దానివి కదూ. నీ పెళ్ళికి మా నాన్న కంచరగాడిద ఇచ్చాడు.”

“ముప్ఫై ఒక్క ఏళ్ళయింది,” అంది కసిల్దా. “నేనే మర్చిపోయాను.”

ఆమె ఏడవలేదు. అబద్ధం ఆడే ప్రయత్నం కూడా చేయలేదు. రాయిలా కూర్చుని చెప్పింది.

“ఫిబ్రవరిలో ఈ ఊరి పిల్ల లియాంద్రా పురుడు పోసుకుని నాలుగో రోజున పోయింది. ఫిలెమోనా నేనే చంపానంది. పథ్యం తప్పు పెట్టానంది. ఆదివారం సభలో చెప్తానంది. ఈ ఊళ్ళో రెండొందల మందికి బొడ్డు కోశాను నాయనా. వద్దని చెప్పడానికి వచ్చాను. కాళ్ళు పట్టుకున్నాను. ‘ముప్ఫై ఏళ్ళు మా ఉప్పు తిని ఇంకా కొండ అవతలి మందే పెడుతున్నావు, మా ఆడపిల్లల్ని మట్టిలో కలుపుతున్నావు’ అంది. అబద్ధం. మా అత్తగారు చెప్పిందల్లా నేర్చుకున్నాను. ఏది వేడో, ఏది చలవో, వరసగా నేర్పింది. అబద్ధం చెప్తోందని కోపమొచ్చింది. చేతికి పొత్రం దొరికింది.”

“పెద్దమ్మా,” అంది ఒతీలియా. ఎవెలియో చేతిలోంచి బిడ్డని తీసుకుంది. “నేను జైలుకి పోతే వీడు చచ్చిపోతాడని నీకు తెలుసు కదా!”

కసిల్దా ఆబ్దోన్ వైపు చూసింది. “ఆ మూడూ ఏమిటన్నావు నాయనా?”

“తేనె, పంది కొవ్వు, ఎండు రొయ్యలు.”

“అమ్మాయ్, ఇక్కడ తేనె వేడా?”

“వేడే.”

“ఎప్పటినుంచి?”

“ఎప్పుడూ వేడే పెద్దమ్మా. చిన్నపిల్లలకి కూడా తెలుసు.”

“నాకెవరూ చెప్పలేదు. మాకు పట్టుతేనె పెరట్లోనే. కొవ్వు మా పందిదే. కొట్లో అడిగే పనిలేదు. మా అత్తగారికి అది చెప్పాలని తోచి ఉండదు, నాకు అడగాలని తోచలేదు.” కసిల్దా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టింది. “లియాంద్రాకి రెండో రోజునుంచి ఒళ్ళు కాలిపోయింది. జ్వరం దిగాలని తేనె పట్టాను. గంటగంటకీ పట్టాను. చలవ చేస్తుందని.”

ఆమె తేనె సీసా వైపు తిరిగింది.

“అయితే ఫిలెమోనా నిజమే చెప్పింది,” అంది కసిల్దా.

ఆబ్దోన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “అమ్మా, అది గర్భసంచికి చీము పట్టిన జ్వరం అయ్యుంటుంది. ఇలాంటివి చాలా చూశాను. తేనెతో వచ్చేదీ కాదు, తేనెతో పోయేదీ కాదు.”

“నువ్వు పట్నం వాడివి నాయనా. నీకేం తెలుసు?” ఆ మాటలో కోపం లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

10:55కి స్టేట్‌మెంట్ రాయడం మొదలైంది. 11:30కి పూర్తయింది. కసిల్దాకి సంతకం రాదు. బొటనవేలికి సిరా రాసుకుని ఆగింది.

“లియాంద్రా పేరు కూడా రాశావా?”

“ఆ చావు ఈ కేసులోది కాదమ్మా. ఇది హత్య. అది రోగంతో పోవడం. రెండూ వేరువేరు.”

“ఎవరు వేరుచేశారు?”

ఆబ్దోన్ ఇరవై రెండేళ్ళుగా చావుల్ని హత్య, ప్రమాదం, రోగం అని మూడు ఫైళ్ళలో పెడుతున్నాడు. ఎవరు నేర్పారో గుర్తులేదు. జడ్జి కొట్టేస్తాడని తెలిసినా చివరి వాక్యం కింద లియాంద్రా పేరు రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది. అతనికి జాలి వేయాలి. లోపల ఏదీ కదల్లేదు. అందుకు మాత్రం సిగ్గేసింది.

జీపు స్టార్ట్ అయింది. కసిల్దా గుమ్మం దాటుతుంటే ఒతీలియా బిడ్డతో పక్కకి తప్పుకుంది. బయట కొండమీది గాలి గట్టిగా వీస్తోంది.

“అలా గాలికి నిలబడకు తల్లీ,” అంది కసిల్దా అలవాటుగా. “బిడ్డ తల కప్పు. రాత్రికి కాస్త...”

మాట ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. ఏం తాగమని చెప్పాలో ఆమెకి తెలియలేదు.

“ఇంకెవరినైనా అడుగు,” అంది.

జీపు మలుపు తిరిగింది. ఒతీలియా ఎవరినీ అడగలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.